పరదేశములకు పార్సెళ్లు: గ్రామస్థులు తెలిసికొనవలసిన తపాలా, సుంక నియమములు

పరదేశమున బిడ్డ గాని, బంధువు గాని లేని ఊరు తెలుగునాట నేడు అరుదు. గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతముల పిల్లలు అనేకులు అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశములలో చదువులకును ఉద్యోగములకును స్థిరపడియున్నారు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతముల యువకులు దుబాయి, మస్కట్, రియాద్ నగరములకు కూలిపనులకై పోవుచున్నారు. కడప, గోదావరి జిల్లాల స్త్రీలు ఇంటిపనులకై కువైటునకు పోవుట చాలకాలముగా జరుగుచున్నదే. వీరికి ఊరినుండి ఏదో ఒకటి పంపవలెనని కన్నవారికి ఉండుట సహజము. వేసవిలో పెట్టిన ఆవకాయ, సంక్రాంతికి వండిన అరిసెలు, పెండ్లికి కొన్న చీర, ఇంటి వైద్యుడు వ్రాసిన మాత్రలు, ఇట్టివన్నియు ఒక అట్టపెట్టెలో చేరును. ఆ పెట్టెను పట్టుకొని మొదట వచ్చునది తరచుగా పంచాయతీ కార్యాలయమునకే. "దీనిని ఎట్లు పంపవలెను? ఎక్కడ సంతకము చేయవలెను?" అని అడుగువారికి సమాధానము చెప్పవలసినవారు సభ్యులే.

ఈ విషయమును తేలికగా తీసికొనరాదని మేము మొదటనే మనవి చేయుచున్నాము. నియమము తెలియక పంపిన పొట్లము మార్గమధ్యమున ధ్వంసమైనచో పోవునది ఆవకాయయు, తపాలా ఖర్చును మాత్రమే. కాని కొన్ని దేశములలో ఆ పొట్లమును అందుకొన్నవాడు చెరసాల పాలగును. పంపినది కన్నతల్లియే అయినను, లోపలనున్నది ఇంటి మసాలాయే అయినను అచ్చటి చట్టము ఆ భేదమును పాటింపదు.

రెండు గడపలు

లోకమందలి దేశములు తపాలా విషయమున ఒక ఒడంబడికకు వచ్చినది 1874వ సంవత్సరమున, స్విట్జర్లాండులోని బెర్ను నగరమందు. ఆనాడు ఏర్పడిన సంస్థయే విశ్వ తపాలా సంఘము. భారతదేశము 1876లో అందు చేరినది. అంతకు పూర్వము ఒక దేశపు ఉత్తరము మరియొక దేశమునకు చేరవలెననిన నడుమనున్న ప్రతి దేశముతోను వేరువేరుగా బేరము కుదుర్చుకొనవలసి యుండెడిది. ఈ సంఘము ఏర్పడినపిమ్మట సభ్యదేశములన్నియు కలిసి ఒకే తపాలా ప్రదేశముగా లెక్కింపబడుచున్నవి. మన పోస్టాఫీసులో ఒకమారు రుసుము చెల్లించినచో సియాటిల్‌లోని తపాలా బంట్రోతు కూడ ఆ పొట్లమును మోయుటకు కట్టుబడియుండును.

అయితే ఈ ఒడంబడిక దారిని మాత్రమే తెరచినది. గడపలను కాచు అధికారమును ఏ దేశమును వదలుకొనలేదు. ఏ వస్తువు లోనికి రావచ్చును, దేనిపై ఎంత సుంకము అను నిర్ణయము ఆ దేశపు సుంకశాఖదే. కావున మన పార్సెలు రెండు గడపలు దాటవలసియున్నది. మన దేశమునుండి వెలుపలికి పోవునపుడు 1962 నాటి మన కస్టమ్సు చట్టమునకు లోబడి ఒక తనిఖీ, చేరవలసిన దేశమున రెండవ తనిఖీ. మన పోస్టుమాస్టరు పార్సెలును స్వీకరించినంత మాత్రమున అవతలి దేశము స్వీకరించినట్లు కాదు. "ఇక్కడ పోస్టులో తీసికొన్నారు గదా, అక్కడ ఎందుకు ఆపినారు?" అని కోపగించుకొను పెద్దలకు ఈ సంగతి ముందుగానే చెప్పవలెను.

మార్గము ఇట్లుండును. గ్రామములందలి బ్రాంచి పోస్టాఫీసులు సాధారణముగా విదేశ పార్సెళ్లను తీసికొనవు. సమీపమున ఉన్న సబు పోస్టాఫీసునకు గాని, హెడ్డు పోస్టాఫీసునకు గాని పోవలసియుండును. అచ్చటినుండి పార్సెలు విదేశీ తపాలా కార్యాలయమునకు చేరును. ముంబై, ఢిల్లీ, కలకత్తా, చెన్నై నగరములలోనివి వీటిలో పేరెన్నిక గన్నవి. అచ్చట సుంకాధికారులు పెట్టెను యంత్రముచే పరీక్షింతురు. అనుమానము కలిగినచో విప్పి చూతురు. పిమ్మట విమానము. దిగిన దేశమున మరల ఇదే తంతు.

బరువు విషయమున, సాధారణ విమాన పార్సెలునకు 20 కిలోలు హద్దు. స్పీడు పోస్టు వారి విదేశ సేవకు హద్దు దేశమునుబట్టి మారును. తేలిక పొట్లములకు తక్కువ ఖర్చుతో జాడ తెలుపు సేవ వేరుగా కలదు. మూడింటి రుసుములలోను చాల తేడా యుండును గనుక బరువు తూచిన పిమ్మట మూడింటిని అడిగి ఎన్నుకొనుట మంచిది.

పత్రము నింపుట

తపాలా కాగితములన్నింటిలోను ముఖ్యమైనది సుంక ప్రకటన పత్రము. తక్కువ విలువగల చిన్న పొట్లములకు సి.ఎన్. 22 అను చిన్న చీటీయు, పార్సెళ్లకు సి.ఎన్. 23 అను పెద్ద పత్రమును ప్రపంచమంతటను వాడుకలో నున్నవి. వీటి రూపు అన్ని దేశములలోను ఒక్కటే. భాష తెలియని అధికారి కూడ ఏ గడిలో ఏమున్నదో గ్రహించుటకు ఈ ఏర్పాటు.

పూర్వము ఈ కాగితమును పెట్టెకు అంటించి పంపిన చాలును. ఇప్పుడు అంతటితో సరిపోదు. 2010 అక్టోబరులో యెమెన్‌నుండి అమెరికాకు బయలుదేరిన రెండు సరకు పొట్లములలో, ముద్రణయంత్రపు సిరా డబ్బాలలో దాచిన ప్రేలుడు పదార్థములు దొరకినవి. విమానము ఎక్కకమునుపే పొట్లములో ఏమున్నదో తెలియవలెనను పట్టుదల అటుపిమ్మట దేశములలో బలపడినది. తపాలాద్వారా మత్తుమందులు వచ్చిపడుచున్నవని అమెరికా 2018లో ప్రత్యేక చట్టము చేసినది. విశ్వ తపాలా సంఘము 2021 జనవరి 1 నుండి వస్తువులుగల ప్రతి పొట్లమునకును ముందస్తు విద్యుత్ సమాచారమును తప్పనిసరి చేసినది. అనగా మనము పత్రమున వ్రాసిన వివరములను పోస్టాఫీసు గుమాస్తా కంప్యూటరులో ఎక్కించగా, పెట్టెకంటె ముందు ఆ సమాచారము అవతలి దేశమునకు చేరును. అరిసెలు పంపు ముసలితల్లిని ఇన్ని ప్రశ్నలు అడుగుట గుమాస్తా పెంకితనము కాదు. అతడు ఆ గడులను నింపనిచో పార్సెలు ముందునకు కదలదు.

ఈ పత్రమున జనులు చేయు పెద్ద పొరపాటు వస్తువును పైపైన పేర్కొనుట. "తినుబండారములు", "బట్టలు", "గిఫ్టు" అని ఒక్క మాట వ్రాసి ఊరకుందురు. అట్టి పత్రము చెల్లదు. ఏ వస్తువు, దేనితో చేసినది, ఎన్ని, ఎంత బరువు, ఎంత విలువ అని ఒక్కొక్కటిగా ఇంగ్లీషులో వ్రాయవలెను. మామిడికాయ ఊరగాయ ఒక కిలో, పసుపు పొడి అరకిలో, నూలుచీర ఒకటి అని విడదీయవలెను. దానిప్రక్కన హెచ్.ఎస్. సంఖ్య అని ఒక గడి యుండును. లోకమునగల సరకులన్నింటికిని ప్రపంచ కస్టమ్సు సంస్థవారు ఇచ్చిన ఆరంకెల గుర్తు అది. పసుపునకు 091030, దంచిన మిరపకారమునకు 090422. మెక్సికో అధికారియైనను జపాను అధికారియైనను ఆ అంకెలు చూడగానే పసుపని గ్రహించును. ఈ సంఖ్యను కనుగొనుటకు గ్రామ సచివాలయమున గాని, మీ సేవా కేంద్రమున గాని కంప్యూటరు ఎదుట కూర్చుండు ఉద్యోగి సాయపడగలడు.

పత్రమున ఇంకొక గడి కలదు. దానిని పలువురు చదువకయే వదలుదురు. పార్సెలు అందజేయుటకు వీలుపడనిచో ఏమి చేయవలెనని అది అడుగును. పంపినవారికి త్రిప్పి పంపవలెనా, లేక వదలివేసినట్లు భావింపవలెనా? త్రిప్పి పంపుమని కోరినచో ఆ రాకడ ఖర్చు మనమీద పడవచ్చును. పచ్చడి పెట్టెకు "వదలివేయుడు" అని గుర్తు పెట్టుటయే మేలని మా అభిప్రాయము. పట్టుచీరకు మాత్రము "త్రిప్పి పంపుడు" అనుట న్యాయము.

విలువ తగ్గించి వ్రాయుమని సలహా చెప్పువారు ప్రతి ఊరిలోను ఉందురు. సుంకము తప్పునని వారి ఊహ. పదివేల రూపాయల చీరను అయిదువందలని వ్రాసినచో, అది పోయిననాడు అంతకు మించి పరిహారము అడుగుటకు ముఖముండదు. అధికారి విప్పి చూచినచో తప్పుడు ప్రకటనకు పెట్టె యావత్తును స్వాధీనము చేసికొనవచ్చును. సభ్యులు ఇట్టి సలహాను ప్రోత్సహింపరాదు.

గుర్తింపు పత్రపు నకలు, పుచ్చుకొనువారి పూర్తి చిరునామా, తపాలా సూచిక సంఖ్య, టెలిఫోను సంఖ్య వెంట తీసికొనిపోవలెను. పెట్టెను ఇంటివద్దనే గట్టిగా మూయక, లోని వస్తువులు చూపిన పిమ్మట మూయుట ఉత్తమము.

పంపరానివి

గల్ఫు దేశములకు పంపువారు మొట్టమొదట గుర్తుంచుకొనవలసినది గసగసాలు. మన ఇండ్లలో మసాలాకును, కూర చిక్కబడుటకును వాడు ఈ గింజలు నల్లమందు మొక్కనుండి వచ్చునవి. మన బజారులో ఇవి బహిరంగముగా అమ్ముడుపోవును. కాని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా, సింగపూరు దేశములలో గసగసాలు నిషిద్ధములు. విడిగా పంపకున్నను, ఇంట దంచిన గరంమసాలాలో కలిసియున్న చాలును, చిక్కు తప్పదు. దుబాయిలో గది అద్దెకు తీసికొని పదిమందితో ఉండి నెలజీతమును ఇంటికి పంపుకొను యువకునకు మసాలా పొట్లముమూలమున పోలీసు విచారణ వచ్చినచో వాని ఉద్యోగము, వాని ఇంటివారి అప్పు, అన్నియు ఒక్కమారుగా కూలిపోవును. కావున గల్ఫునకు మసాలా పంపు ఇల్లాలు గసగసాలు లేకుండ దంచుకొనవలెను. గుట్కా, ఖైనీ వంటి వాటినికూడ పంపరాదు.

మందుల విషయము ఇంతకంటె సున్నితమైనది. నొప్పికి వాడు ట్రమడాల్, నిద్రకు వాడు ఆల్ప్రజోలం, దగ్గుమందులలో నుండు కోడీను వంటివి ఎమిరేట్స్‌లో అదుపునందున్న మందులు. అనుమతిలేక వాటిని తెప్పించుకొనుట నేరము. అమెరికాలో సైతము విదేశమందులను వ్యక్తులు తపాలాద్వారా తెప్పించుకొనుటకు ఆ దేశపు ఆహార ఔషధ శాఖ సాధారణముగా సమ్మతింపదు. ఏ దేశమునకైనను మందులు పంపదలచినవారు వైద్యుని చీటీయు, దుకాణపు బిల్లును జతపరచి, ముందు ఆ దేశమునందున్నవారిచేత అచ్చట అనుమతి విచారింపజేయవలెను. అచ్చటి వైద్యుని వద్ద చూపించుకొని అచ్చటనే కొనుక్కొనుట చాల సందర్భములలో సులభము.

తపాలా ఖర్చు ఎక్కువని, గల్ఫునకు పోవు ఊరివానిచేత పొట్లము పంపు అలవాటు కూడ మనలో కలదు. ఇది పార్సెలుకంటె ప్రమాదకరము. విమానాశ్రయమున ఎవరి సంచిలో వస్తువు దొరకునో వారే దానికి బాధ్యులు. "అది నాది కాదు, ఫలానావారు ఇచ్చినారు" అను మాట చెల్లదు. ఇతరులు ఇచ్చిన మూసిన పొట్లమును విప్పి చూడక తీసికొనిపోరాదని గల్ఫు ప్రయాణికులకు పంచాయతీలో చాటించుట ఎంతయు అవసరము.

అమెరికా సంగతి వేరు. అచ్చట భయము ముఖ్యముగా పురుగులు, పశురోగములు. మన దేశమునుండి ఇంటివాడకమునకై బియ్యము పంపుటకు వీలులేదు. ఖాప్రా అను పెంకుపురుగు దీనికి కారణము. ధాన్యపు గాదెలలో చేరి, తిండి లేకున్నను దీర్ఘకాలము బ్రతుకగల ఈ పురుగు తమ గోదాములలో ప్రవేశించునేమో యని వారి ఆందోళన. పెండ్లి శుభలేఖతో అక్షతలు పంపువారు ఈ నియమమును ఎరుగరు. అక్షతలును బియ్యమే గదా! పచ్చి కరివేపాకు కూడ నిషిద్ధమే. దానిపై నుండు చిన్న పురుగు నిమ్మజాతి చెట్లకు పచ్చతెగులును అంటించును. 2005లో ఆ తెగులు ఫ్లోరిడా రాష్ట్రమున కనిపించి అచ్చటి నారింజ తోటలను ఏ విధముగా నాశనము చేసెనో మన బత్తాయి రైతులు ఊహించుకొనగలరు. వారి కట్టడి అర్థములేనిది కాదు.

మాంసముతో చేసిన పచ్చళ్లు, అనగా కోడిపచ్చడి, వేటమాంసపు పచ్చడి, అమెరికాకు గాని, యూరపు దేశములకు గాని పంపరాదు. పశువుల గాళ్లవ్యాధి మన దేశమున ఉండుటచే పాలతో చేసిన పదార్థములకును ఆంక్షలు కలవు. 2021 ఏప్రిలులో వాషింగ్టన్ సమీపపు డల్లెస్ విమానాశ్రయమున భారతదేశమునుండి వచ్చిన ఒక పెట్టెలో ఆవు పిడకలు రెండు దొరకగా సుంకాధికారులు వాటిని ధ్వంసము చేసిరి. కారణము ఈ వ్యాధి భయమే. హోమమునకు పిడకలు పంపుటకు ఉత్సాహపడువారు దీనిని గమనింతురు గాక. విత్తనములకు వృక్షారోగ్య ధ్రువపత్రము లేనిదే ప్రవేశము లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములు విత్తనములు, పచ్చిపండ్లు, మాంసముల విషయమున ఇంకను కఠినముగా నుండును.

ఇంట పెట్టిన శాకాహారపు ఊరగాయకు అమెరికాలో ఒక సౌకర్యము కలదు. అచ్చటి ఆహార ఔషధ శాఖకు ఆహారపదార్థముల రాకను ముందుగా తెలుపవలెనను నియమమున్నది. అయితే ఒక వ్యక్తి తన ఇంటిలో స్వయముగా తయారుచేసి, వ్యాపారముకొరకు గాక మరియొక వ్యక్తికి కానుకగా పంపు ఆహారమునకు ఈ ముందస్తు తాఖీదు అక్కరలేదు. అదే అంగడిలో కొన్న ఊరగాయ సీసాకు ఈ మినహాయింపు వర్తింపదు. తల్లి చేతి ఆవకాయకు లోకమున ఎచ్చటనో ఒక చట్టము ఇట్లు చోటిచ్చుట మాకు ముచ్చటగొలిపినది. పత్రముమీద "ఇంటిలో చేసినది, కానుక" అని స్పష్టముగా వ్రాయవలెను.

మన దేశపు గడపవద్దకూడ కొన్ని నిషేధములు ఉన్నవి. రాయలసీమ శేషాచలము అడవులలో పెరుగు ఎర్రచందనపు చెక్కను, నెమలి ఈకలను, నూరేండ్లు పైబడిన విగ్రహములవంటి పురాతన వస్తువులను పంపరాదు. తాతలనాటి కంచు విగ్రహమును మనుమనికి పార్సెలు చేయదలచినవారు 1972 నాటి పురావస్తు చట్టము ఒకటున్నదని ఎరుగవలెను. నగదు నోట్లు, బాణసంచా, అత్తరు, విడి బ్యాటరీలు విమానమున పనికిరావు. తినుబండారములతో సహా కానుకలుగా పంపు వస్తువుల విలువ ఒక ఆర్థిక సంవత్సరమున 5 లక్షల రూపాయలు మించరాదని మన విదేశ వాణిజ్య విధానము నిర్దేశించినది. మామూలు కుటుంబమునకు ఈ హద్దు చాలినంత పెద్దదే.

సుంకము ఎవరు చెల్లింతురు?

చాల దేశములలో సుంకమును పుచ్చుకొనువారు చెల్లింతురు. కానుకలకు కొంత మినహాయింపు కలదు. ఇంగ్లండులో 39 పౌన్లు, యూరపు సమాఖ్యలో 45 యూరోలు, కెనడాలో 60 కెనడా డాలర్లవరకు వ్యక్తి వ్యక్తికి పంపు కానుకపై పన్ను లేదు. అంతకు మించినచో కొడుకు చెల్లించి విడిపించుకొనవలెను. తల్లి పంపిన చీరకు కోడలు పన్ను కట్టవలసివచ్చుట ఇరువురకును కష్టము కలిగించు విషయమే. అందుచే విలువను చూచుకొని, అవసరమైనచో వస్తువులను తగ్గించి పంపుట మంచిది.

అమెరికా విషయమున 2025లో గొప్ప మార్పు వచ్చినది. 2016నుండి ఆ దేశము 800 డాలర్లలోపు పొట్లములను సుంకము లేక లోనికి రానిచ్చెడిది. 2025 ఆగస్టు 29 నుండి ఈ సౌకర్యమును అన్ని దేశములకు నిలిపివేసినది. సుంకము ఎట్లు వసూలు చేయవలెనో తేలనందున మన తపాలా శాఖ ఆగస్టు 25 నుండి ఆ దేశపు పార్సెళ్లను చాలవరకు ఆపివేసి, అక్టోబరు 15న తిరిగి మొదలిడినది. ఆనాడు వచ్చిన పద్ధతి ప్రకారము అమెరికాకు పోవు సరకుపై సుంకమును పంపువారే ఇచ్చట పోస్టాఫీసులో ముందుగా చెల్లింతురు. 100 డాలర్లలోపు కానుకలకు అప్పుడు మినహాయింపు ఈయబడినది. ఈ రేట్లు ఆ దేశపు నిర్ణయములనుబట్టి మారుచుండునవి. కావున నిరుడు ఎవరో చెల్లించిన మొత్తమును ప్రమాణముగా తీసికొనక, పంపు దినమున పోస్టాఫీసులో అడుగవలెను.

ఊరగాయలు, చేనేత వస్త్రములు, బొమ్మలు విదేశములకు అమ్మదలచిన మహిళా సంఘములకు మాత్రము కానుకల నియమములు వర్తింపవు. వ్యాపారమును కానుకయని వ్రాయరాదు. అమ్మకమునకు విదేశ వాణిజ్య శాఖనుండి ఎగుమతిదారు సంఖ్య తీసికొనవలెను. ఆహారమైనచో మన ఆహార భద్రతా సంస్థ అనుమతియు, అమెరికాకు పంపినచో తయారీకేంద్రమును ఆ దేశపు ఆహార ఔషధ శాఖలో నమోదు చేయించుటయు అవసరము. చేనేతకు ఇంత చిక్కు లేదు. మంగళగిరి, పోచంపల్లి నేతగాండ్రు ముందు వస్త్రములతోనే ఆరంభించుట తెలివి. 2022 డిసెంబరునుండి తపాలా శాఖ "డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రము" అను పేర ఎగుమతి సహాయ కేంద్రములను స్థాపించినది. ఇవి దేశమంతటను వేయికి పైగా కలవు. ఎగుమతి బిల్లును ఇంటినుండియే కంప్యూటరుమీద నింపి, ఏ నగరమునకును పోనక్కరలేక దగ్గరి కేంద్రమున సరకును అప్పగింపవచ్చును. జిల్లాలో ఆ కేంద్రము ఎచ్చట నున్నదో తెలిసికొని సంఘములకు చెప్పుట పంచాయతీ చేయదగిన పని.

పెట్టె కట్టుట గురించి రెండు మాటలు. గాజు సీసాలో ఊరగాయ పంపుట దండుగ. నూనె కారినచో ఒక్క పెట్టె గాక, ఆ సంచిలోని ఇతరుల పార్సెళ్లుకూడ చెడును. ఊరగాయను దళసరి ప్లాస్టిక్కు సంచిలో వేడితో అతికించి, దానిని మరియొక సంచిలో పెట్టి, చుట్టును బట్టలు కూరి కొత్త అట్టపెట్టెలో సర్దవలెను. పైపేరుతో ఉన్న పాత పెట్టె వాడరాదు. మందుల దుకాణపు పెట్టెలో అరిసెలు పంపినచో సుంకాధికారికి లేనిపోని అనుమానము కలుగును.

పరదేశమునుండి వచ్చునవి, మోసపు పిలుపులు

పిల్లలు తల్లిదండ్రులకు గడియారము, టెలిఫోను వంటివి తపాలాలో పంపుదురు. పూర్వము కొంత విలువవరకు కానుకలకు సుంకము లేకుండెడిది. 2019 డిసెంబరు 12న వచ్చిన ప్రకటనతో ఆ సౌకర్యము పోయినది. ప్రాణరక్షక ఔషధములకును, రాఖీలకును మాత్రమే కానుక మినహాయింపు మిగిలినది. తక్కినవాటికి పూర్తి సుంకము చెల్లించి తీసికొనవలెను. ఆ మొత్తమును పొట్లము అందించునపుడు తపాలా సిబ్బంది రసీదుపై వసూలు చేయుదురు.

దీనిని ఆసరాగా చేసికొని దొంగలు ఒక వ్యాపారము మొదలిడినారు. "మీ పేర విదేశమునకు పోవుచున్న పార్సెలులో మత్తుమందు దొరకినది, మేము కస్టమ్సు అధికారులము, టెలిఫోనులో మా ఎదుట నుండి కదలవద్దు, డబ్బు పంపుడు" అని బెదరింతురు. దీనికి "డిజిటల్ అరెస్టు" అని పేరు పెట్టిరి. మన చట్టములో అట్టి అరెస్టు లేదు. ఏ సుంకాధికారియు టెలిఫోనులో బొమ్మ చూపి విచారణ జరుపడు, వ్యక్తి ఖాతాలో డబ్బు వేయుమని కోరడు. పరదేశమున బిడ్డలున్న వృద్ధులు, ఆ బిడ్డకే ఏదో జరిగినదను భీతితో, ఈ వలలో సులభముగా పడుదురు. అట్టి పిలుపు వచ్చినపుడు టెలిఫోను పెట్టివేసి, డబ్బు పోయియున్నచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫిర్యాదు చేయవలెను. ఈ సంఖ్యను పంచాయతీ గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుట మంచిది.

ఇక పార్సెలు చేరనిచో ఏమి చేయవలెను? రసీదుమీద రెండు ఇంగ్లీషు అక్షరములు, తొమ్మిది అంకెలు, చివర మన దేశపు గుర్తుగా ఐ.ఎన్. అను అక్షరములు గల సంఖ్య ఉండును. మొదటి అక్షరము స్పీడు పోస్టునకు ఇ, పార్సెలునకు సి. తొమ్మిదవ అంకె తక్కిన ఎనిమిదింటినుండి లెక్కవేసి రాబట్టినది. ఒక్క అంకె తప్పుగా కొట్టినను కంప్యూటరు పట్టుకొనుటకు ఈ ఏర్పాటు. ఈ సంఖ్యతో పార్సెలు జాడను మన తపాలా శాఖలోను, అవతలి దేశపు తపాలా శాఖలోను చూడవచ్చును. "కస్టమ్సులో ఉన్నది" అని కొన్నాళ్లు కనిపించినచో కంగారు పడనక్కరలేదు. పుచ్చుకొనువారిని తమ తపాలా కార్యాలయమున అడుగుమని వ్రాయవలెను. తరచుగా అచ్చట ఒక సంతకమో, సుంకమో బాకీ యుండును. అప్పటికిని జాడ తెలియకున్నచో పంపిన దినమునుండి ఆరు నెలలలోగా పోస్టాఫీసులో విచారణ దరఖాస్తు పెట్టుకొనవలెను. ఆ గడువు దాటినపిమ్మట విచారణను స్వీకరింపరు. దరఖాస్తునకు రసీదు అసలు అవసరము గనుక, పార్సెలు చేరినదని కబురు వచ్చువరకు దానిని భద్రముగా ఉంచుకొనవలెను.